పొడుగు క్రాంకు – పెద్ద యింజను



"ఈ బండి యెన్ని సి.సి.లు?" అని యడుగుట నేడు పల్లెలలో సైతము పరిపాటియైనది. ఎద్దును కొనునపుడు పండ్లు చూచినట్లు, బండిని కొనునపుడు ఈ సంఖ్యను చూచుచున్నారు. కొందఱు యువకులు ఉన్న సంఖ్యతో తృప్తి చెందక, యింజనును విప్పించి దానిని పెంచవలెనని కూడ ఉబలాటపడుచున్నారు. అట్టివారికి ధనమిచ్చునది పెద్దలే కనుక, ఈ సంఖ్య దేనిని కొలుచునో, దానిని పెంచు మార్గము లెవ్వియో, అందు క్రాంకును మార్చి పెంచు మార్గమునకు గల లాభమేమో, వెల యేమో పెద్దలకు తెలిసి యుండుట మంచిది. అదియే నేటి ప్రసంగ విషయము. గుణకారము, భాగహారము వచ్చినవారి కిందు బోధపడని దేదియు లేదు.

మొదట యంత్ర స్వరూపమును చెప్పెదను. సిలిండరనునది నునుపుగా తొలచిన గుండ్రని గొట్టము. అందు బిగువుగా, అయినను జాఱునట్లుగా, ఒక బిరడా వంటి లోహపు ముక్క క్రిందికిని మీదికిని ఆడుచుండును. దానిని పిస్టను అందురు. పిస్టనుపై నున్న జాగాలో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి మండి, వేడిచే పెద్ద ఒత్తిడి కలిగించి, పిస్టనును క్రిందికి నెట్టును. ఈ నెట్టుడు తిన్నని నెట్టుడు. బండి చక్రమునకు కావలసినది తిరుగుడు. తిన్నని నెట్టుడును తిరుగుడుగా మార్చునదే క్రాంకు. పిస్టనునకును క్రాంకునకును నడుమ కనెక్టింగు రాడ్డు అను కడ్డీ యుండును.

మన యిండ్లలో దీనికి పోలిక లేకపోలేదు. కుట్టుమిషను త్రొక్కుడుపలక క్రిందికి మీదికి ఊగుచుండగా, ఇనుప కడ్డీయొకటి ప్రక్కనున్న చక్రమును త్రిప్పుచుండుట అందఱు చూచినదే. తిరుగలిని తలచుకొన్నచో లెక్క యింకను సులభమగును. తిరుగలి పిడి నడిమి మేకునకు జానెడు దూరమున నున్నదనుకొనుడు. అఱచుట్టు త్రిప్పుసరికి పిడి యీ అంచునుండి ఆ అంచునకు చేరును. అది పోయిన అడ్డు దూరము రెండు జానలు. అట్లే క్రాంకు యొక్క నడిమినుండి దాని పిడి యెంత దూరమున నుండునో, పిస్టను దానికి రెండింతలు దూరము దిగి యెక్కును. ఈ దూరమునకు స్ట్రోకు అని పేరు. సిలిండరు లోపలి వ్యాసమునకు బోరు అని పేరు. ఈ రెండు మాటలు గుర్తుండిన చాలును.

ఇక కొలత. పిస్టను ఒకసారి దిగినపుడు విడిచిన ఖాళీ యెంతయో, దానిని సిలిండర్ల సంఖ్యచే గుణించినచో ఇంజను పరిమాణము వచ్చును. ఖాళీని కనుగొనుటకు బోరు యొక్క వృత్త క్షేత్రఫలమును స్ట్రోకుచే గుణింపవలెను. పండ్రెండవ శతాబ్దిలో భాస్కరాచార్యులు తన లీలావతిలో వృత్తగణితమును నిరూపించుచు, వ్యాసమును 3927 చే గుణించి 1250 చే భాగించిన సూక్ష్మపరిధి వచ్చుననియు, 22 చే గుణించి 7 చే భాగించిన వ్యవహారమునకు చాలుననియు, ఆ పరిధిని వ్యాసములో నాలుగవ వంతుచే గుణించిన క్షేత్రఫలమగుననియు తెలిపెను. నేటి మోటారు కర్మాగారములలోని కొలతయు ఇదే సూత్రముపై నడచుచున్నది.

దీనికొక నిజమైన దృష్టాంతమును చూపెదను. అమెరికా దేశములో హెన్రీ ఫోర్డు 1932లో ఎనిమిది సిలిండర్ల మోటారు కారును సామాన్యులకు అందు వెలకు విడుదల చేసెను. నాలుగు సిలిండర్లొక వైపునకు, నాలుగు మఱియొక వైపునకు వాలి, ఇంగ్లీషు 'వి' అక్షరమువలె నుండుటచే దానికి వి-8 అని పేరు కలిగెను. రెండు వరుసలును ఒకే పోత దిమ్మెలో నుండుట దాని విశేషము. ఆ యింజను బోరు 3 అంగుళముల 1 వీసము, స్ట్రోకు 3.75 అంగుళములు, పరిమాణము 221 ఘనపుటంగుళములు.

1939లో అదే సంస్థ మెర్క్యురీ అను పేరుతో మఱియొక కారును వెలువరించెను. అందు స్ట్రోకును మార్చక, బోరును మాత్రము 3 అంగుళముల 3 వీసములు చేసిరి. లీలావతి సూత్రమునుబట్టి ఈ బోరుకు క్షేత్రఫలము ఇంచుమించు 8 చదరపు అంగుళములు. ఎనిమిదిని 3.75 చే గుణించిన 30. అట్టి సిలిండర్లు ఎనిమిది కనుక 240. ఒక పిసరు తఱుగు తీసివేసిన 239. కంపెనీవారు ప్రకటించిన సంఖ్యయు 239 ఘనపుటంగుళములే.

పిమ్మట 1949లో మెర్క్యురీ యింజనును మరల పెంచవలసి వచ్చినపుడు బోరును ముట్టలేదు. క్రాంకు పిడిని నడిమినుండి అంగుళములో ఎనిమిదవ వంతు దూరము జరిపిరి. స్ట్రోకు దానికి రెండింతలు, అనగా పావు అంగుళము పెరిగి, 4 అంగుళములైనది. ఎనిమిదిని నాలుగుచే గుణించిన 32, దానిని మరల ఎనిమిదిచే గుణించిన 256. పిసరు తఱుగు తీసివేసిన 255. ఆ యింజనును 255 అనియే పిలిచిరి. ఒకే కుటుంబమునకు చెందిన యింజను మొదట అడ్డముగను, తరువాత నిలువుగను పెరిగినది. నూతిని వెడల్పు చేసినను నీరు పెరుగును, లోతు చేసినను పెరుగును. ఏది చేయవలెనో చుట్టునున్న నేల చెప్పవలెను.

ఇచ్చట నేల యనగా దిమ్మె. సిలిండరు గోడ మందము మితమైనది. దాని వెనుక చల్లార్చు నీరు ప్రవహించుచుండును. తొలచిన కొలది గోడ పలుచనగును. మితి మీఱిన వేడికి పగులును. ఫోర్డు వి-8లో మండిన పొగ దిమ్మెలోనుండియే వెలుపలికి పోవుట వలన, అది సహజముగనే వేడెక్కు స్వభావము కలది. క్రాంకును మార్చినచో ఆ గోడ నంతగా ముట్టనక్కఱలేదు. ఇదియే పొడుగు క్రాంకునకు గల మొదటి గుణము.

మన దేశమున చిరకాలము నడచిన అంబాసిడరు కారులోని 1489 సి.సి. ఇంజను కుటుంబమునందు మాత్రము ఇందుకు విపర్యయము కనబడును. ఆంగ్ల దేశమున పుట్టిన ఆ కుటుంబములో 1200, 1489, 1622, 1798 సి.సి.ల యింజనులు వచ్చినవి. అన్నింటికిని స్ట్రోకు ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. పెరిగినది బోరే. మీ గ్రామములలో డుగడుగ ధ్వనిచే తెలియబడు బుల్లెట్టు మోటారు సైకిలు సంగతియు నట్టిదే. పాత 350 బండికి బోరు 70, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు. పాత 500 బండికి బోరు 84, స్ట్రోకు అదే 90. కనుక రెండు మార్గములును శిష్టసమ్మతములే.

ఇప్పుడు మెర్క్యురీ క్రాంకు కథను కొంత చెప్పవలెను. కాలిఫోర్నియా దక్షిణ భాగమున మురాక్, ఎల్ మిరాజ్ మొదలగు ఎండిన సరస్సులు కలవు. వాని అడుగు బల్లపఱుపుగా, గట్టిగా నుండును. అచ్చట యువకులు పాత ఫోర్డు కార్లను బాగుచేసికొని, కాలము కొలిచి, ఎవని బండి యెంత వేగముగా పోవునో చూచుకొనెడివారు. 1937లో వారు దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించుకొనిరి. యుద్ధానంతరము సైన్యమునుండి మరలివచ్చిన యువకులు అనేకు లిందు చేరిరి. 1949లో యూటా రాష్ట్రమునందలి బాన్‌విల్ ఉప్పు మైదానమున మొదటి వేగ వారము జరిగెను.

వారిలో ధనవంతులు కొద్దిమందియే. తుక్కు కొట్లలో దొరకు భాగములే వారి పెన్నిధి. 1949కి పూర్వము స్ట్రోకు పెంచవలెనన్నచో క్రాంకు పిడిపై లోహమును వెల్డింగు చేసి పోసి, మరల వెలుపలి వైపునకు జరిపి సానపట్టించుకొనవలసి యుండెను. లేదా, పిడిని లోపలి ప్రక్కనే ఎక్కువగా అరగదీసి సన్నము చేయవలసి యుండెను. పిడి వ్యాసము ఎనిమిదవ వంతు తగ్గినచో దాని నడిమి బిందువు పదునాఱవ వంతు వెలుపలికి జరుగును. స్ట్రోకు ఎనిమిదవ వంతు పెరుగును. ఇది మంచి పనివాడు చేయవలసిన పని, ఖర్చుతో కూడిన పని. 4 అంగుళముల మెర్క్యురీ క్రాంకు వెలువడగనే ఆ శ్రమ చాలవఱకు తీఱినది. కర్మాగారమున పోతపోసి సానపట్టిన క్రాంకునే తెచ్చి, అదే కుటుంబమునకు చెందిన ఫోర్డు దిమ్మెలో నమర్చుకొనిరి. బోరును కూడ 3 అంగుళముల 5 వీసములకు తొలిపించినవారికి 276 ఘనపుటంగుళముల యింజను లభించెను.

ఈ పద్ధతి ఫోర్డుతో ఆగిపోలేదు. 1955లో మొదలైన షెవ్రోలే వారి చిన్న వి-8 కుటుంబములో 350 ఘనపుటంగుళముల యింజనుకు స్ట్రోకు 3.48 అంగుళములు, 1970లో వచ్చిన 400 యింజనుకు 3.75. 400 యొక్క క్రాంకును 350 దిమ్మెలో నుంచి, బోరును అంగుళములో 100కి 3 వంతులు పెంచినచో 383 అగును. అయితే ఆ క్రాంకు మెడలు 2.65 అంగుళముల లావు; 350 దిమ్మెలోని గూళ్లు 2.45 అంగుళముల మెడలకు తగినవి. కనుక మెడలను సానపట్టి తగ్గించిన తరువాతనే అది కూర్చుండును. తరువాత అట్టి క్రాంకులు సరియైన కొలతతోనే తయారై అంగళ్లలో దొరకసాగినవి.

ఇంతవఱకు లాభము. ఇక వెల చెప్పెదను. ఇచ్చటనే పెద్దలు సావధానముగా వినవలెనని ప్రార్థన.

మొదటిది: పిడి ఎనిమిదవ వంతు అంగుళము వెలుపలికి జరిగినచో, పిస్టను అంతమేరకు ఎక్కువ క్రిందికి దిగుటయే గాక, అంతమేరకు ఎక్కువ మీదికిని ఎక్కును. మీద మూతయున్నది, కవాటములున్నవి. వానికి పిస్టను తగిలినచో యింజను ఆ క్షణముననే నాశనమగును. కనుక పిస్టనులో కడ్డీ తగిలించు పిన్ను స్థానమును ఎనిమిదవ వంతు పైకి జరిపిన పిస్టనులు వేయవలెను, లేదా కడ్డీని పొట్టి చేయవలెను. క్రాంకొక్కటి కొన్న చాలునను మాట అసత్యము.

రెండవది: నొక్కుడు నిష్పత్తి. సిలిండరు ఖాళీ 30 ఘనపుటంగుళములు, పైనున్న మండెడి గది 5 అనుకొనుడు. మొత్తము 35, నొక్కబడి 5 అగును, నిష్పత్తి 7. స్ట్రోకు పెరిగి ఖాళీ 32 అయి, గది 5గానే యున్నచో మొత్తము 37, నిష్పత్తి 7.4. కొంతవఱకిది మేలే. కాని వాడు పెట్రోలు దానికి తగినది కానిచో, మంట సక్రమముగా వ్యాపింపక ముందే మిగిలిన ఆవిరి తనంత తానే పేలి, సుత్తితో కొట్టినట్లు టకటక మని పిస్టనును బాదును. అట్లు బాదిన పిస్టను ఎక్కువ కాలము నిలువదు.

మూడవది: వేగము. ఇంజను నిమిషమునకు 4000 చుట్లు తిరుగునపుడు 3.75 అంగుళముల స్ట్రోకు గల పిస్టను నిమిషమునకు 2500 అడుగుల సగటు వేగమున నడచును. 4 అంగుళముల స్ట్రోకు గలది అన్ని చుట్లకే 2667 అడుగులు నడచును. ప్రతి చుట్టులో రెండుమార్లు అది ఆగి, మరల వెనుదిరుగవలెను. అట్లు ఆపి త్రిప్పుటకు కావలసిన బలము స్ట్రోకుతోపాటు పెరుగును. చుట్ల సంఖ్య పెరిగినచో దాని వర్గముగా పెరుగును. ఈ బలమును భరించునది కడ్డీయు, దాని బోల్టులును. పాత వేగమునే పిస్టనునకు నిలుపవలెనన్నచో 4000 చుట్లకు బదులు 3750 చుట్లతో తృప్తిపడవలెను. పొడుగు క్రాంకు వేసి, పూర్వమునకంటె ఎక్కువ చుట్లు త్రిప్పువాడు రెండువైపుల నప్పు చేసినవాడు.

నాలుగవది: ప్రక్క ఒత్తిడి. కడ్డీ పొడవు 7 అంగుళములే యుండగా పిడి మాత్రము వెలుపలికి జరిగినచో, కడ్డీ మునుపటికంటె ఎక్కువ వాలును. 3.75 స్ట్రోకునకు గరిష్ఠముగా పదునైదున్నర డిగ్రీలు వాలు కడ్డీ, 4 అంగుళముల స్ట్రోకునకు పదునాఱున్నర దాటి వాలును. వాలిన కొలది పిస్టను గోడకు ఒరసికొనును. అరుగుదల కొంచెము పెరుగును.

అయిదవది: క్రాంకు బలము. రెండు రూపాయి నాణెములను ఒకదానిపై నొకటి సగము కప్పునట్లుంచి చూడుడు. ఒకటి క్రాంకు మెడ, రెండవది పిడి. రెండును కలిసియున్న భాగమే క్రాంకు సత్తువ. పిడిని దూరము జరిపిన కొలది ఆ కలయిక సన్నగిల్లును. అందుచేతనే పొడుగు క్రాంకునకు మంచి లోహము, మంచి పనితనము ముఖ్యములు. ఇదిగాక, తిరుగునపుడు క్రాంకు దిమ్మె అడుగు అంచులకును, కడ్డీ బోల్టులు ప్రక్కనున్న కామ్‌షాఫ్టునకును తగులకుండ, మెల్లగా చేతితో త్రిప్పి చూచి, తగిలినచోట అరగదీయవలెను. ఎనిమిది పిస్టనులను, కడ్డీలను తూచి, క్రాంకును సమతూకము చేయింపవలెను. సమతూకము తప్పిన యింజను చక్రపు రేకు వంగిన బండివలె అదరును.

ఆఱవది: ఊపిరి. కడుపు పెద్దదైనను గాలి పోవు దారి పాతదే. కవాటములు, కార్బురేటరు మారనిచో, నెమ్మదిగా తిరుగునపుడు పెద్ద కడుపు నిండును. వేగముగా తిరుగునపుడు నిండదు. కాబట్టి పొడుగు క్రాంకు వలన కలుగు లాభము ముఖ్యముగా లాగుడు బలమున కనబడును, పరుగున కాదు. మిట్ట యెక్కునపుడు, బరువు లాగునపుడు తెలియును. 1949లో 239 ఘనపుటంగుళముల ఫోర్డు వి-8కి 100 గుఱ్ఱపు బలమని, 255 గల మెర్క్యురీకి 110 అని ప్రకటించిరి. ఆ పెరుగుదలలో ఇతర మార్పుల భాగమును కలదు. పదునైదవ వంతు పరిమాణము పెంచినవాడు రెట్టింపు బలము నాశింపరాదని దీనివలన తెలియుచున్నది.

చివరకు ధర్మము, అనగా చట్టము. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. అనుమతితో చేయదగిన కొన్ని మార్పులను చట్టమే వేఱుగా చెప్పినది. 2019లో సుప్రీము కోర్టు కూడ ఈ నిషేధమును స్థిరపఱచినది. ఇంజను పరిమాణము ఆ పత్రములో వ్రాయబడు వివరములలో నొకటి. పత్రములో నొక సంఖ్యయు, దిమ్మెలో మఱియొక సంఖ్యయు నున్న బండి ఏదైన ప్రమాదమునకు లోనైనపుడు, భీమా సొమ్ము విషయమున చిక్కు పుట్టుటకు అవకాశము కలదు. అప్పుడు నష్టపోవునది బండి నడపిన కుఱ్ఱవాడొక్కడే కాదు; దెబ్బ తగిలిన పరాయివాని కుటుంబము కూడ. ఆ కాలిఫోర్నియా యువకులు తమ పరుగులను జనసంచారము లేని ఎండిన సరస్సుపై పెట్టుకొనిరన్న సంగతి మఱువరాదు. మన ఊరి బాట సరస్సు కాదు. దానిపై బడికి పోవు పిల్లలు, మేతకు పోవు పశువులు నుండును.

ఈ విద్యను నేను నిందించుట లేదు. కొలిచి, తూచి, లోహపు శక్తి నెఱిగి, పిస్టను నెక్కడ ఆపవలెనో వీసములో వీసము వఱకు లెక్కించు పనివాడు నా దృష్టిలో గణితపండితుడే. పరీక్షింపగోరు యువకుడుండినచో, రోడ్డెక్కని యింజనుపై, తగిన గురువు వద్ద నేర్చుకొననిండు. అది వాని కూటికి పనికివచ్చు విద్య.

కాని మీ కుమారుడో మనుమడో వచ్చి, "తాతా, క్రాంకు మార్పించెదను, ఇంత సొమ్మిమ్ము" అని యడిగినచో, కోపింపక ఈ ప్రశ్నలు వేయుడు. పిన్ను జరిపిన పిస్టనులు దొరకినవా? నొక్కుడు నిష్పత్తి యెంతకు పెరుగునో లెక్క వేసితివా? ఎన్ని చుట్లకు మించి త్రిప్పవు? సమతూకము ఎవరు చేయుదురు? పత్రములో నేమి వ్రాయింతువు? వానికి సమాధానములు కాగితముపై అంకెలతో తెచ్చిన కుఱ్ఱవాడు పని తెలిసినవాడు. వానితో కూర్చుండి ఆలోచింపవచ్చును. సమాధానము లేక "అందఱును చేయించుచున్నారు" అన్నవానికి, ఆ సొమ్ముతో ఉన్న యింజనుకే మంచి నూనె పోయించి, అరిగిన రింగులు మార్పించి, బ్రేకులు సరిచేయింపుమని చెప్పుడు. చాల బండ్లలో పోయిన బలము అంతమాత్రముననే తిరిగివచ్చును.